ఆదివారాలన్నీ నీళ్లలో

జనవరి 7, ఆదివారం

మొదటి ఈత అయింది. బతికే ఉన్నాను.

నీళ్లలోంచి బయటికొచ్చాక కూడా పళ్లు టకటకమని కొట్టుకుంటూనే ఉన్నాయి. పక్కన పడవలో తోడొచ్చిన బోటాయన "పళ్ల సెట్లు చేస్తారటగా మేడమ్, ఇవి రాలిపోయినా ఇబ్బంది లేదులెండి" అన్నాడు. నవ్వబోతే మూతి కదల్లేదు.

ఒడ్డున మాటల కేంద్రం సెక్రటరీ గారు పెద్ద బ్యానర్ కట్టించారు. 'మాట కోసం ఈత. ఏడాదంతా, ప్రతి ఆదివారం, ఎండైనా వానైనా.' కింద నా ఫొటో. పాస్‌పోర్టు ఫొటోని అంత పెద్దది చేస్తే ఎవరైనా పారిపోయిన దొంగలాగే ఉంటారు.

ఆ రోజు మాటల కేంద్రంలో మీటింగు మధ్య ఎందుకు లేచి నిలబడ్డానో ఇప్పటికీ తెలియడం లేదు. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లకి మళ్లీ మాట నేర్పే చోటు అది. విరాళాలు రావడం లేదని, మధ్యాహ్నం క్లాసు ఎత్తేయాల్సి వస్తుందని సెక్రటరీ గారు చెబుతున్నారు. అన్నయ్య వెళ్లేది ఆ క్లాసుకే. అందరూ వదిన వైపు జాలిగా చూశారు. వెనక వరసలో ఎవరో "ఆవిడ ఉండబట్టి సరిపోయింది. ఆయనకి తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరేమో పాపం" అన్నారు.

అంతే, లేచాను. లేచాక ఏం చెప్పాలో తెలియలేదు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, అదే చెప్పాను: విరాళాల కోసం ఏడాదంతా ఈదుతానని. అదైనా చిన్నప్పుడు ఇదే సరస్సులో అన్నయ్య నేర్పిందే.

మధ్యాహ్నం అన్నయ్య దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఒళ్లు హూనమైపోయింది. వచ్చే వారం తప్పకుండా.

జనవరి 14, ఆదివారం

రెండో ఈత. చెవిలో నీళ్లు. వదినకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. "ఇంత చలిలో మళ్లీ ఇక్కడిదాకా ఎందుకు, పడుకో" అంది. వదిన మంచిది.

జనవరి 23, మంగళవారం

ల్యాబులో నా పక్క బల్ల దగ్గర పళ్లకి క్యాపులు చేసే అతన్ని అందరం పింగాణీ అనే పిలుస్తాం. ఈ రోజు పేపరు పట్టుకొచ్చి నా బల్ల మీద, ఆరబెట్టిన ప్లాస్టర్ అచ్చుల మధ్య పరిచాడు. నా గురించి నాలుగు వాక్యాలు వేశారు.

"పదేళ్లుగా పక్కన కూర్చుంటున్నాం. నీ నోట ఇన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. ఇవన్నీ నువ్వే చెప్పావా?" అన్నాడు.

నేనే చెప్పాను. చెబుతుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

అన్నయ్య పక్కనుంటే నాకు మాట్లాడే అవసరం ఎప్పుడూ రాలేదు. తను చెప్పులమ్మే షాపులో ఒక జత కోసం వచ్చినవాళ్లకి రెండు జతలు అంటగట్టేవాడు, వాళ్లే తిరిగి థాంక్స్ చెప్పి వెళ్లేవారు. ఈ ల్యాబులో నన్ను చేర్చుకున్న రోజున కూడా గుమ్మం దాకా దిగబెట్టడానికి వచ్చి, లోపలికి దూరి, నా తరఫున తనే మాట్లాడిపోయాడు. యజమాని ఇప్పటికీ అంటారు, "నేను ఉద్యోగం ఇచ్చింది మీ అన్నయ్యకి, వచ్చింది మాత్రం నువ్వు" అని.

ఫిబ్రవరి 11, ఆదివారం

జ్వరం. మోకాళ్ల దాకా దిగి, తల తడుపుకుని వచ్చేశాను. బోటాయన అటు తిరిగి సిగరెట్ వెలిగించుకున్నాడు. సెక్రటరీ గారు తడి తలతో ఉన్న నన్ను ఫొటో తీసి, 'జ్వరంలోనూ ఆగని ఈత' అని అందరికీ పంపారు.

అలా రాసింది వాళ్లు. నేనేమీ అనలేదు.

మార్చి 3, శనివారం

అన్నయ్యని చూసి వచ్చాను. శనివారమైతే నయం, మర్నాడు ఈత ఉందని త్వరగా లేవొచ్చు. అంటే, త్వరగా లేవాల్సి వస్తుంది.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది వదిన. కుడి చేయి దిండు మీద పెట్టి ఉంది, ఎవరో మరిచిపోయి వెళ్లిన సామానులా. నన్ను చూడగానే ముఖం ఒకవైపు వెలిగింది. తర్వాత ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

"అదే…" అన్నాడు. "అదే… అదే…"

ఇప్పుడు తనకి మిగిలిన మాట అదొక్కటే. ఏం అడగాలన్నా, ఏం చెప్పాలన్నా అదే. నీళ్లా అన్నాను. కాదు. టీవీ పెట్టనా అన్నాను. కాదు. దిండు సరిచేయనా, దుప్పటి కావాలా, బయటికి తీసుకెళ్లనా? తల అడ్డంగా ఊపుతూ, నా చేతికేసి చూపిస్తూ, అదే అదే అంటూనే ఉన్నాడు. చెమటలు పట్టాయి తనకి. నాకూ పట్టాయి. గోడ గడియారం వైపు చూశాను. మళ్లీ చూశాను. తను కూడా నా చూపు వెంటే గడియారం వైపు చూశాడు. ఆగిపోయాడు.

వంటింట్లోంచి వచ్చిన వదిన ఒక్క క్షణం చూసి, "నీ వేళ్ల మీద ఆ తెల్లమరకలేంటని అడుగుతున్నాడు" అంది.

ప్లాస్టర్. పదేళ్లుగా నా చేతుల మీద ఉంటూనే ఉంది. తనకి తెలియనిదేం కాదు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు, అంతే.

"రేపు పొద్దున్నే ఈత ఉంది వదినా" అని లేచాను.

ఏప్రిల్ 19, గురువారం

రేడియోవాళ్లు పిలిచారు. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి డిప్పలు పెట్టారు. ఎర్ర లైటు వెలిగింది. ఇంక ఆగలేదు నేను. సరస్సు గురించి, చలి గురించి, అన్నయ్య గురించి. ఎక్కడ ఆపితే వినేవాళ్లకి గొంతు పట్టేస్తుందో నాకు తెలిసిపోతోంది. యాంకరమ్మ కళ్లు తుడుచుకుంది.

తిరిగొస్తుంటే బస్సులో అనిపించింది: అన్నయ్య నోరు పడిపోయాక నాకు నోరొచ్చింది.

రాసి చూసుకుంటే ఎలాగో ఉంది. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

సెక్రటరీ గారు అన్నయ్య ఫొటో అడిగారు. షాపులో తీసింది ఒకటి ఇచ్చాను. వదినకి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

మే 13, ఆదివారం

నీళ్లు వెచ్చబడ్డాయి. ఒడ్డున జనం పెరిగారు. ఈత బాగా సాగింది.

మే 20, ఆదివారం

ఈత.

మే 27, ఆదివారం

ఒక ఆవిడ తన తల్లిని వీల్‌చెయిర్లో తోసుకుంటూ వచ్చింది. తల్లికీ మాట లేదు. నా తడి చేతులు రెండూ పట్టుకుని, "మీలాంటి చెల్లెలు ప్రతి ఇంట్లో ఉండాలమ్మా" అంది. ఆ తల్లి మాత్రం నన్ను తేరిపార చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

అన్నయ్య దగ్గరికి వెళ్లాలి. ఈ నెలలో కుదరలేదు. కేంద్రం పనులు, రేడియో, ల్యాబులో ఓవర్‌టైము. ఇదంతా తన కోసమే కదా.

జులై 2, సోమవారం

రాయలేను.

జులై 5, గురువారం

రాస్తాను. నేను కాక ఇంకెవరు చదువుతారు?

ఆదివారం ఈత అయ్యాక కేంద్రం హాల్లో సభ పెట్టారు. సగం ఏడాది పూర్తయినందుకు. హాలు నిండిపోయింది. నన్ను మాట్లాడమన్నారు. ఈపాటికి ఎన్నోచోట్ల మాట్లాడి ఉన్నాను, కాగితం కూడా అక్కర్లేదు. అన్నయ్య ఎంత మాటకారో చెప్పాను, చెప్పులు ఎలా అమ్మేవాడో చెప్పాను, నవ్వారు. ఆ తర్వాత అలవాటుగా చేసేది చేశాను. కుడి చేయి వంకర తిప్పి, మూతి ఒక పక్కకి లాగి, "అదే… అదే…" అన్నాను. ముందు నవ్వుతారు. తర్వాత నవ్వినందుకు నొచ్చుకుని నిశ్శబ్దమైపోతారు. ఆ నిశ్శబ్దంలో నేను గొంతు తగ్గిస్తాను. ఇదంతా నాకు కొట్టినపిండి అయిపోయింది.

గొంతు తగ్గించి చెప్పాను: "ప్రతి ఆదివారం ఈత అవ్వగానే తడి జుట్టుతోనే అన్నయ్య దగ్గరికి వెళతాను. ఆ చేయి పట్టుకుని కూర్చుంటాను. తను 'అదే' అంటాడు. ఏమంటున్నాడో నాకొక్కదానికే అర్థమవుతుంది."

ఈ తడి జుట్టు మాట ఎప్పుడు పుట్టిందో గుర్తులేదు. రేడియోలో అనలేదు. ఎక్కడో ఒకచోట బాగా అతికింది, ఉంచేశాను.

చప్పట్లు. సెక్రటరీ గారు మైకు అందుకుని, "మీ అందరికీ, ముఖ్యంగా మన ఈతగత్తెకి, ఒక చిన్న సర్‌ప్రైజు" అని వెనక్కి చేయి చూపించారు.

చివరి వరసలో అన్నయ్య. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, నున్నగా గీసిన గడ్డం. పక్కన వదిన.

జనమంతా లేచి వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. అన్నయ్య ఎడమ చేత్తో కర్ర పట్టుకుని మెల్లగా లేచాడు. స్టేజీ మీదికి వస్తున్నాడనుకుని చప్పట్లు ఇంకా పెంచారు. తను రెండో వైపు తిరిగి తలుపు దాటి వెళ్లిపోయాడు. కర్ర చప్పుడు వినబడలేదు, చప్పట్లలో. వదిన నన్ను ఒక్కసారి చూసి, తన వెనకే వెళ్లింది.

"ఆనందం పట్టలేకపోయారు" అన్నారు సెక్రటరీ గారు మైకులో.

మళ్లీ చప్పట్లు. తల కొట్టేసినట్టయింది నాకు. కానీ నా చేతులు చూసుకుంటే, నేనూ కొడుతున్నాను.

జులై 8, ఆదివారం

ఈత.

జులై 21, శనివారం

వెళ్లాను. వీధి మలుపు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాను.

వదిన తలుపు తీసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "లోపలికి రా, ఎండలో నిలబడ్డావేం?" అంది.

"వదినా, ఆ రోజు…"

"బాగా మాట్లాడావు. నా పక్కన కూర్చున్నావిడ ఏడ్చేసింది."

"తప్పయిపోయింది వదినా."

"నాతో ఎందుకు చెప్పడం? మీ అన్నయ్య లోపలే ఉన్నాడు."

అన్నయ్య టీవీ చూస్తున్నాడు. సౌండు లేదు. పక్కన స్టూలు మీద కూర్చుని, స్టేజీ మీద అలా చేసి చూపించినందుకు క్షమించమన్నాను. ఇంకెప్పుడూ చేయనన్నాను. మనుషులు డబ్బివ్వాలంటే కాస్త కదిలించాల్సి వస్తుందన్నాను. ఈ చివరి ముక్క ఎందుకన్నానో!

తను టీవీ మీంచి చూపు తిప్పలేదు. తెర మీద ఎవరో అపరిచితులు కార్లు కడిగే మిషను అమ్ముతున్నారు.

ఆగస్టు 26, ఆదివారం

స్టేజీ ఎక్కడం మానేశాను. ఎందుకని సెక్రటరీ గారు అడిగితే గొంతు బాగాలేదని చెప్పాను. ఈత మానలేదు. నీళ్లలో ముఖం పెడితే ఎవరూ కనబడరు.

విరాళాలు మాత్రం ఆగలేదు. ఆ రోజు నేను చేసిన తతంగాన్ని ఎవరో ఫోన్లో తీశారట, అది ఊరంతా తిరుగుతోంది. పింగాణీ కూడా చూశాడు. చూసినట్టు చెప్పలేదు, అప్పట్నుంచీ మామూలు కంటే మర్యాదగా మాట్లాడుతున్నాడు. దాన్నిబట్టి తెలిసింది.

సెప్టెంబరు 19, బుధవారం

కేంద్రంలో స్పీచ్ టీచర్ కబురు పెట్టింది, ఇంట్లోవాళ్లు కూడా ఒక క్లాసుకి రావాలని. వదినకి ఒంట్లో బాగాలేదు, నేను వెళ్లాను. చిన్న గది, మధ్యలో గుండ్రటి బల్ల. అన్నయ్య నా ఎదురుగా. జులై తర్వాత తను నా కళ్లలోకి చూడడం ఇదే మొదలు.

'అదే' కాకుండా కొత్త మాటలు వస్తున్నాయట ఇప్పుడు. ముక్కలుముక్కలుగా.

"మీ చెల్లెల్ని ఏదైనా అడగండి" అంది టీచర్.

అన్నయ్య చాలాసేపు బల్ల కేసి చూశాడు. గొంతులో నరం లేచింది. "ఎం…" అన్నాడు. "ఎం… ఎం…"

"ఎండా?" అన్నాను. "ఎంతసేపా? ఎంతమందా?"

తల ఊపాడు, కాదని. "ఎం… దు…"

"ఎందుకా? ఎందుకలా చేసి చూపించాననా? స్టేజీ మీదా? చెప్పాను కదా అన్నయ్యా, తప్పయిపోయింది, నాకు బుద్ధిలేక…"

ఎడమ చేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. నోరు మూసేసుకున్నాడు. క్లాసు అయ్యేదాకా మళ్లీ తెరవలేదు.

బయటికి వచ్చాక టీచర్ నాతో, "మీరు ఆయన మాటని మీరే పూర్తి చేసేస్తున్నారండీ" అంది.

"సాయం చేద్దామని."

"తెలుసు. అందరూ అందుకే చేస్తారు. కానీ ఒకసారి ఆగి చూడండి."

ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ బల్ల, ఆ గొంతులో నరం, ఆ 'ఎం'. మళ్లీ రమ్మంటే ఈత ప్రాక్టీసుందని చెప్పాను. బుధవారం ఈత ప్రాక్టీసు!

అక్టోబరు 16, మంగళవారం

అన్నయ్య బాత్రూములో పడ్డాడట. ఎముకలేం విరగలేదు. ఇకమీదట ఒక్కడినే వదలొద్దని డాక్టరు చెప్పాడు. వదిన ఫోన్లో చెబుతుంటే వెనక అన్నయ్య దగ్గు వినబడింది. "అన్నయ్యకి ఇవ్వనా ఫోను?" అంది వదిన. బస్సు వచ్చేసిందన్నాను.

బస్సు నిజంగానే వచ్చింది. కాసేపయ్యాక.

నవంబరు 25, ఆదివారం

మళ్లీ చలి. బోటాయన నాకోసం పడవలో దుప్పటి తెచ్చి పెడుతున్నాడు.

"ఇంకొంచెం ఓపిక పట్టండి, అయిపోవచ్చింది. అయ్యాక ఆదివారాలు ఏం చేస్తారు?" అన్నాడు.

నీళ్లలోకి దిగాను.

డిసెంబరు 29, శనివారం

రేపే ఆఖరి ఈత. షామియానా వేస్తున్నారట, కుర్చీలు, బ్యాండు. అన్నయ్య వీధి మొత్తం వస్తోంది.

పొద్దున వదిన ఫోన్ చేసింది. "మా అక్కని రేపు ఆసుపత్రి నుంచి పంపించేస్తున్నారు. సంతకాలు పెట్టి తీసుకురావాలి. మధ్యాహ్నం అవుతుంది. మీ అన్నయ్య దగ్గర ఎవరైనా ఉంటారేమోనని…" అని ఆగింది. నన్ను రమ్మనలేదు. రేపు ఏ రోజో తనకీ తెలుసు.

"నువ్వు కంగారుపడకు వదినా, నేను చూస్తాను" అన్నాను.

చూశాను. పై అంతస్తువాళ్లకి ఫోన్ చేశాను. "అయ్యో, మేమంతా మీ ఈత చూడ్డానికే వస్తున్నామండీ!" ఎదురింటి టైలరమ్మకి చేశాను. ఆవిడా ఈతకే. నర్సుల్ని పంపేవాళ్లకి చేశాను, ఆదివారం కుదరదన్నారు. ఆఖరికి స్పీచ్ టీచర్‌కి చేశాను. "రేపు స్టేజీ దగ్గర నాకు డ్యూటీ వేశారండీ" అంది.

మా అన్నయ్య కోసం నేను ఈదుతుంటే చూడాలని ఊరంతా వస్తోంది. అందుకని మా అన్నయ్య దగ్గర కూర్చోవడానికి ఊళ్లో మనిషి లేడు.

ఎవరూ దొరకలేదని వదినకి చెప్పాను. "సరేలే, ఏదో తంటాలు పడతాను" అంది. ఫోన్ పెట్టేశాక ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గులేని ఊపిరి.

డిసెంబరు 30, ఆదివారం

లోపల ఈత దుస్తులు వేసుకుని, పైన కోటు తొడుక్కుని సరస్సుకి వెళ్లాను. అప్పటికే జనం వస్తున్నారు. సెక్రటరీ గారు మైకులో హలో హలో అంటున్నారు. బ్యాండువాళ్లు బాకాలు తుడుచుకుంటున్నారు.

షామియానాకి కొత్త బ్యానర్ కట్టారు. ఒక పక్క నేను, ఒక పక్క అన్నయ్య. ఏప్రిల్‌లో నేనిచ్చిన ఫొటో. షాపులో అట్టపెట్టెల ముందు నిలబడి, చేతిలో ఒక బూటు పట్టుకుని, నోరు బారెడు తెరిచి ఎవరితోనో ఏదో చెబుతున్నాడు. ఫొటోలో లేని ఆ మనిషి ఎవరో గానీ, వింటున్నాడు. అన్నయ్య కళ్లు చూస్తే తెలుస్తోంది, ఎదుటివాడు శ్రద్ధగా వింటున్నాడని.

పడవ దగ్గరికి వెళ్లి బోటాయనతో చెప్పాను. "నేను ఈ రోజు దిగడం లేదు."

"జ్వరమా మేడమ్?"

"కాదు. మా అన్నయ్య దగ్గర ఎవరూ లేరు."

"అదేంటి, ఇదంతా ఆయన కోసమేగా?"

"అవును."

ఆయన నన్నూ చూశాడు, బ్యాండునీ చూశాడు. "మరి వాళ్లకేం చెప్పమంటారు?"

"రాలేదని చెప్పండి."

దొంగలా చెట్ల వెనక నుంచి రోడ్డెక్కాను. గొప్ప పని చేస్తున్నానని ఒక్క క్షణం అనిపించింది, అది కూడా రాసేస్తున్నాను. బస్సులో కూర్చుని ఈ సంగతి ఎవరికెలా చెప్పాలో మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టేశాను. నా మీద నాకే అసహ్యం వేసి, కిటికీ బయటికి చూస్తూ దుకాణాల పేర్లు చదువుకుంటూ వెళ్లాను.

వదిన గుమ్మంలో బ్యాగు తగిలించుకుని, వెళ్లలేకా ఉండలేకా నిలబడి ఉంది. నన్ను చూసింది. గడియారం చూసింది. "టీ ఫ్లాస్కులో ఉంది" అని గబగబా మెట్లు దిగింది.

అన్నయ్య నన్ను చూసి కనుబొమలెగరేశాడు. ఎడమ చేత్తో గాల్లో ఈత కొట్టి చూపించి, సరస్సున్న వైపు వేలు పెట్టాడు.

"మానేశాను" అన్నాను.

"అదే!" అన్నాడు కోపంగా. "అదే!" వెళ్లమని తలుపు చూపించాడు. నా ఫోను మోగింది. మళ్లీ మోగింది. సెక్రటరీ గారు. ఫోను ఆపేసి వంటింట్లో పెట్టి, ఫ్లాస్కులోని టీ కప్పులో పోసి చెంచాతో సహా తెచ్చి తన ముందు పెట్టి, కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చున్నాను. కోటు విప్పితే లోపల ఈత దుస్తులు, కాబట్టి విప్పలేదు. చెమట పట్టింది.

ఆర్నెల్లుగా లోపల తిప్పుకుంటున్నది మళ్లీ మొదలుపెట్టాను. "అన్నయ్యా, ఆ రోజు స్టేజీ మీద నేను నిన్ను…"

చేత్తో ఆపాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత టీ చెంచా తీసుకుని మైకులా నోటి ముందు పెట్టుకున్నాడు. నిటారుగా కూర్చుని, గొంతు తగ్గించి, కళ్లు అరమూసి, సభకి నమస్కరించే నా ముఖం పెట్టి, "అదే… అదే…" అన్నాడు. నేను తనని చేసి చూపించిన దానికంటే తను నన్ను చేసి చూపించింది వందరెట్లు బాగుంది. చివర్లో చెంచాతో కళ్లు తుడుచుకున్నాడు కూడా. తనలో తనే భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అంటే అది కాదు తన బాధ. ఆర్నెల్లుగా నేను క్షమించమంటున్నది తను ఎప్పుడో నవ్వుకుని వదిలేసిన సంగతి.

నవ్వు ఆగాక చెంచా పక్కన పెట్టాడు. ముఖం మారింది. గొంతులో నరం లేచింది.

"ఎం…"

నోటి దాకా వచ్చింది నాకు. కింది పెదవి పళ్ల మధ్య పట్టుకున్నాను.

"ఎం… దు…"

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. తను ఆగాడు. మళ్లీ మొదటికి వెళ్లాడు. "ఎం… దు… కు." కళ్లు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. "రా…"

రా. రాశావా? రాత్రా? నా బుర్రలో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. గడియారం నా వీపు వెనక ఉంది, మెడ దానంతటదే తిరగబోయింది. తిప్పలేదు. టీ మీద పొర కట్టింది. తను చెమటలో తడిసిపోతున్నాడు. తువ్వాలు ఇద్దామనుకుని, ఇస్తే మాట తెగిపోతుందేమోనని ఇవ్వలేదు.

"రా… లే…" నాలుక పళ్లకి తగిలి జారిపోయింది. మళ్లీ వెతుక్కుంది. "రా… లే… దు."

ఎందుకు రాలేదు.

సెప్టెంబరులో ఆ బల్ల దగ్గర అడగబోయింది ఇదే. బహుశా మార్చి నుంచీ అడుగుతున్నది ఇదే.

ఈత ఉందని చెప్పొచ్చు. ఎవరి కోసం ఈత అని కూడా చెప్పొచ్చు. నిన్నలా చూడలేకపోయానన్నయ్యా, గుండె తరుక్కుపోయేది అని చెప్పొచ్చు. అది చెబితే వినేవాళ్లెవరైనా నా భుజం తడతారు. గొంతు తగ్గించాల్సిన చోటు కూడా సిద్ధంగా ఉంది.

"విసుగేసింది అన్నయ్యా" అన్నాను.

తను నన్నే చూస్తున్నాడు.

"ఒక్క మాట కోసం అంతసేపు కూర్చోవాలంటే విసుగేసేది. నీ మీద ప్రేమ లేక కాదు అని కూడా అనలేను, ఏమో. విసుగు. పారిపోయి నీళ్లలో దూకేదాన్ని. అందరూ మెచ్చుకుంటుంటే ఇంకా పారిపోయాను."

చెప్పాక ఎక్కడ చూడాలో తెలియలేదు. తల ఎత్తలేకపోయాను. దిండు మీద తన కుడి చేయి కనబడింది. పట్టుకుందామనుకున్నాను. స్టేజీ మీద మాటల్లో ఆ చేతిని ఎన్నిసార్లు పట్టుకున్నానో గుర్తొచ్చి నా చేయి ఒళ్లోనే ఉంచుకున్నాను.

తర్వాత "నా…" అన్నాడు.

నేను ఆగాను.

"నా…"

స్కూటరు ఎట్టకేలకి అందుకుని వెళ్లిపోయింది.

"నా… కూ" అన్నాడు అన్నయ్య.

మూతి ఒక పక్కకి సాగింది. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. చల్లారిన టీ కప్పు నా వైపు తోశాడు, వేడి చేసి తెమ్మని.

డిసెంబరు 31, సోమవారం

సెక్రటరీ గారు ల్యాబుకే వచ్చేశారు. మైనం వాసనకి ముక్కు మూసుకుని నిలబడి, "అంతమంది జనం! బ్యాండు! నా తల ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు. నిజమే, పాపం. తర్వాత మెత్తబడి, "పోనీ సాయంత్రం ఒకసారి దిగి వచ్చేయండి. ఫొటోలో ఏ వారమో ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"వద్దండీ. పూర్తి చేయలేదని చెప్పేయండి."

"ఆఖరి రోజున మానేశారని చెప్పమంటారా?"

"అవును. ఈత అయ్యాక తడి జుట్టుతో అన్నయ్య దగ్గరికి వెళతానని చెప్పింది కూడా అబద్ధమని చెప్పండి. మీరు చెప్పలేకపోతే నేనే చెబుతాను."

ఆయన చాలాసేపు నా బల్ల మీది పళ్ల వరసల కేసి చూశారు. "ఇవన్నీ చెబితే వచ్చే ఏడాది ఎవరిస్తారమ్మా?" అన్నారు. ఇప్పటిదాకా వచ్చిన డబ్బుతో మధ్యాహ్నం క్లాసు ఇంకో ఏడాది నడుస్తుందట. అదొక్కటి చాలు అని రాయబోయి ఆగాను. నేను రాస్తే బాగుండే మాట కాదది.

ఆయన వెళ్లాక పింగాణీ తల ఎత్తకుండానే అన్నాడు. "ఇంతకీ నీకు నిజంగా ఈత వచ్చా?"

చాలా రోజుల తర్వాత మామూలుగా మాట్లాడాడు.

జనవరి 6, ఆదివారం

అన్నయ్య దగ్గరికి వెళ్లాను. పొడి జుట్టుతో. వదిన తన అక్కని చూడ్డానికి వెళ్లింది. అన్నయ్య మూడు మాటలు చెప్పాడు. నేను అంతకంటే కొంచెం ఎక్కువ చెప్పాను. మిగతా సమయమంతా కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చున్నాం.

అంతసేపూ విసుగ్గానే ఉంది. ఇద్దరికీ.